ముక్కు పట్టుకుంటోంది, కొక్కెం పట్టడం లేదు

ప్రశ్న: మాది ముత్తుకూరు దగ్గర పల్లె. రొయ్యల చెరువుల పనిలో ఉంటాను. రెండు నెలల కిందట 6 వెయిట్ (లైను బరువును బట్టి ఇచ్చే నంబరు) ఫ్లై రాడ్డు, అంటే పీచుతో కట్టిన నకిలీ ఎరను లైను బరువుతోనే విసిరే గాలపు కర్ర, దానికి తేలే లైను కొన్నాను. కండలేరు క్రీకు గట్టున పొద్దున్నే వేస్తున్నాను. పొడుగాటి సూదిమూతి చేపలు ఎర వెంట పడతాయి, లటుక్కున పట్టుకుంటాయి, వదిలేస్తాయి. పోయిన ఆదివారం 14 సార్లు పట్టాయి, గట్టెక్కింది ఒక్కటే. 2 నంబరు కొక్కెంతో కట్టిన తెల్ల ఎర వాడుతున్నాను. కొక్కెం చాలడం లేదేమోనని ఇంకా పెద్దది, 1/0 కట్టి చూస్తే అసలు ఒక్కటీ పడలేదు. లీడరు (లైనుకూ ఎరకూ నడుమ కట్టే సన్న దారం) చివర గరుకెక్కి తెగిపోతోంది. ఏ ఎర కట్టాలి, ఏ కొక్కెం, ఎట్లా లాగాలి? ఇంకో మాట. దొరికిన ఆ ఒక్కదాన్ని కోస్తే ముల్లంతా ఆకుపచ్చగా ఉంది. విషమేమోనని ఇంట్లో పారేశారు. తినొచ్చా?

సమాధానం: 14 సార్లు పట్టాయంటే మీరు నిలబడిన చోటు మంచిదే. మీ ఎర రంగూ పొడుగూ వాటికి నచ్చాయి కూడా. ఆ రంగు, పొడుగుల జోలికి పోవద్దు. మార్చాల్సినవి రెండు: ఎరలో కొక్కెం ఉండే చోటు, చేప పట్టగానే మీ చేయి చేసే పని. కొక్కెం పెంచడం మాత్రం తిరకాసు దారి. ఈ చేపకు కొక్కెం చిన్నదవ్వాలి, వెనక్కి జరగాలి.

ఎందుకో తెలియాలంటే ఈసారి ఒకటి దొరికినప్పుడు తడిగుడ్డతో పట్టుకుని దాని మూతిని దగ్గరగా చూడండి. పై దవడ, కింది దవడ రెండూ అట్లకాడ కొనల్లా సన్నగా, గట్టిగా, ఉత్త ఎముక. పైన పల్చటి చర్మం తప్ప కొక్కెం దిగడానికి కండ లేదు. అంచు పొడుగునా సూదిమొనల్లాంటి పళ్ళు. మెత్తదనమంతా ముక్కు మొదట్లో, కంటికి కాస్త ముందర, దవడలు కలిసే మూలల్లో ఉంది. మీ కొక్కెం దిగాల్సింది అక్కడే. అయితే ఈ చేప ఎరను అక్కడితో పట్టదు. పక్కనుంచి దూసుకొచ్చి ముక్కు నడిమి భాగంతో అడ్డంగా కరుస్తుంది, పట్టకారుతో పుల్లను పట్టినట్టు. తర్వాత తలను అటూ ఇటూ విదిలిస్తూ ఎరను తిప్పుకుని, తలవైపు నుంచి మింగుతుంది. ఈ తిప్పుకునే పనికి దానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. మీరు ఆ లోపలే రాడ్డు ఎత్తేస్తున్నారు.

మీ ఎరలో కొక్కెం ముందు సగంలో ఉంది, వెనక సగం ఉత్త వెంట్రుకలు. చేప వెనక సగాన్ని కరిస్తే దాని నోట్లో ఉన్నది వెంట్రుకలే. ముందు సగాన్ని కరిస్తే కొక్కెం రెండు ఎముకల నడుమ పక్కకు ఒరిగి పడుకుంటుంది. మీరు లాగితే జారుతుంది. 1/0 కొక్కేనికి తీగ లావు. లావు మొన గట్టి చోట దిగాలంటే బలంగా గుంజాలి, 6 వెయిట్ రాడ్డు వంగుతుందే గానీ ఆ బలం కొనదాకా చేరదు. అందుకే పెద్దది కట్టినప్పుడు ఒక్కటీ పడలేదు.

మీకు పడుతున్నది ఏ చేపో కూడా తేల్చుకోవాలి. రెండు దవడలూ పొడుగ్గా ఉండి నిండా పళ్ళుంటే సూదిమూతి చేప. కింది దవడ ఒక్కటే పుల్లలా ముందుకు పొడుచుకొచ్చి పై దవడ పొట్టిగా ఉంటే అది వేరే కుటుంబం, దాన్ని అరముక్కు చేప అనుకుందాం. తమిళం వైపు రెంటినీ మురల్ అనే మాటతోనే పిలుస్తారు గనుక వినికిడిని బట్టి తేల్చుకోవద్దు, నోరు చూడండి. బెత్తెడు పొడుగున్న సూదిమూతి పిల్లలకు కూడా కొన్నాళ్ళు కింది దవడే ముందుకుంటుంది, అక్కడ కాస్త జాగ్రత్త. సూదిమూతిలోనూ రకాలున్నాయి. తోక మొదట్లో గుండ్రటి నల్ల మచ్చ ఉంటే అది ఉప్పుటేళ్ళలోకి వచ్చే చిన్న రకం, 40 సెంటీమీటర్లు దాటడం అరుదు. మచ్చ లేకుండా ఒళ్ళు గుండ్రంగా, లావుగా, ముక్కు మొరటుగా ఉంటే సముద్రపు పెద్ద రకం, అది మీటరున్నర దాకా పెరుగుతుంది. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర రెండూ కలిసి తిరగొచ్చు. పళ్ళతో పట్టే రకాలకు ఒక పద్ధతి, అరముక్కుకు ఇంకో పద్ధతి. మీ ఉత్తరాన్ని బట్టి మీవి సూదిమూతులే, కాబట్టి దాని సంగతే ముందు.

మా ఓటు గొట్టం ఎరకు. సన్నటి ప్లాస్టిక్ గొట్టం మీద ఎరను కట్టి, లీడరును గొట్టంలోంచి దూర్చి, వెనక చివర కొక్కెం ముడేస్తారు. దీంతో లాభాలు రెండు. కొక్కెం ఎర తోక దగ్గరికి చేరుతుంది. చేప పడ్డాక గొట్టం లీడరు మీద పైకి జారిపోతుంది గనుక పళ్ళు మీ ఎరను పీచుపీచు చెయ్యవు. మామూలు ఎర రెండు చేపలకే పనికిరాకుండా పోతుంది, ఇది చాలా కాలం నిలుస్తుంది.

గొట్టానికి దూరం పోనక్కర్లేదు. ఇదివరకు చెవి శుభ్రం చేసుకునే బడ్స్ పుల్ల వాడేవారు, 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ పుల్లవి నిషేధం. అయిపోయిన బాల్ పెన్ను రీఫిల్ చాలు. మొన ఊడదీసి, మిగిలిన సిరాను స్పిరిట్‌తో కడిగి, మూడున్నర సెంటీమీటర్ల ముక్క కోయండి. రెండు చివరలనూ అగ్గిపుల్ల మంటకు దగ్గరగా ఒక్క క్షణం చూపిస్తే అంచు కరిగి చిన్న పెదవిలా మడుచుకుంటుంది. ఈ పని మరవొద్దు. కోసిన అంచు బ్లేడులా ఉండి లీడరును కొరికేస్తుంది, మీరు చేపను తిట్టుకుంటారు.

గొట్టాన్ని లావు సూదికి గుచ్చి, సూదిని వైస్‌లో (కదలకుండా పట్టే బిగింపు పనిముట్టు) బిగించండి. వైస్ లేకపోతే కటింగ్ ప్లయర్ పిడికి రబ్బరు బ్యాండు వేసినా ఆగుతుంది. గట్టి పాలిస్టరు దారంతో ముందు చివర 5 మిల్లీమీటర్ల మేర చుట్టి, అక్కడ తెల్ల పీచు సన్నగా, అగ్గిపుల్ల లావుకు మించకుండా, కింది వైపు కట్టండి. పైవైపు అంతకంటే సన్నగా లేత ఆకుపచ్చ. రెండు పక్కలా రెండేసి పోగులు వెండి జరీ. రవికెల దుకాణాల్లో దొరికే ప్లాస్టిక్ జరీ అయితే ఉప్పుకు నల్లబడదు. మొత్తం పొడుగు 6 నుంచి 7 సెంటీమీటర్లు. నెత్తళ్ళు పక్కన పెట్టుకుని చూస్తూ కడితే కొలత దానంతటదే వస్తుంది. పైనుంచి చూస్తే లేత పచ్చ, పక్కనుంచి వెండి గీత, అంతే. తలకు రెండు కళ్ళ స్టిక్కర్లు అంటించి మీద ఎపాక్సీ జిగురు పల్చగా పూయండి. అందరూ చేసే తప్పు పీచు ఎక్కువ పెట్టడం. కట్టిన ఎరను తడిపి వేళ్ళతో పిండి చూడండి, పుల్లంత సన్నబడాలి. అలా కాకపోతే సగం కత్తిరించండి.

కొక్కెం 8 నంబరు, కాడ పొట్టిది, తీగ సన్నది. 60 సెంటీమీటర్లు దాటిన చేపలున్న చోట 6 నంబరు. కొక్కేలకు నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుందని మీకు తెలిసే ఉంటుంది. కొక్కెం వంపు, పీచు చివరా ఇంచుమించు ఒకే చోట ఉండాలి. పీచు అరసెంటీమీటరు దాటి వెనక్కి వేలాడితే మళ్ళీ పాత కథే. కొక్కెం కన్నాన్ని గొట్టం వెనక చివర కాస్త బిగువుగా దూర్చడానికి 1 సెంటీమీటరు సిలికాన్ గొట్టం ముక్క తొడగండి. అది లేకపోతే విసిరేటప్పుడు కొక్కెం విడిగా ఊగి పీచుకు చిక్కుతుంది, ఎర పక్కకు తిరిగి తిరిగి వస్తుంది. మూడు కొనల కొక్కెం పెడితే ఇంకా బాగా పడతాయి కదా అనుకోవచ్చు. మేం వద్దంటాం. తల విదిలించే చేప నోట్లోంచి అది తీసే లోపల మీ వేలికి దిగుతుంది.

మొనను గోటి మీద పెట్టి మెల్లగా లాగి చూడండి. గోటికి పట్టుకుంటే పదును ఉన్నట్టు, జారితే లేనట్టు. ఎముకను ఒకటి రెండు సార్లు గీసిన కొక్కెం మొన మొద్దుబారుతుంది, కంటికి తెలియదు. ప్రతి తప్పిన కాటు తర్వాతా ఇది చూడండి. సన్న ఆకురాయి జేబులో ఉంటే నాలుగు రుద్దులతో సరి. మొన వెనక ఎదురుముల్లును ప్లయర్‌తో నొక్కేయండి, సన్నటి మొన సులువుగా దిగుతుంది, తీయడమూ తేలిక.

ఇప్పుడు లాగడం. సూదిమూతి చేప నీటి పైపొరలో, పైకి చూస్తూ వేటాడుతుంది. మీ తేలే లైను సరిపోతుంది, ఎర అరమీటరు కంటే లోతుకు దిగకూడదు. నల్ల కళ్ళద్దాలు, అదీ పోలరైజ్డ్‌వి, పెట్టుకుంటే నీటి మెరుపు పోయి చేప నీడలు కనిపిస్తాయి. కనిపించిన చేప నెత్తిమీదుగా లైను వేయొద్దు. దాని ముందు రెండు మీటర్లు వదిలి, దానికి అడ్డంగా వచ్చేలా వేయండి. 12 నుంచి 15 మీటర్లు పడితే చాలు, దూరం కోసం ఒళ్ళు అలవనక్కర్లేదు.

రాడ్డు పిడిని చంకలో నొక్కి పెట్టి, రెండు చేతులతో ఒకదాని తర్వాత ఒకటిగా లైను లాగండి, బావిలోంచి చేద తోడినట్టు. ఒక్కచేత్తో లాగితే లాగుకూ లాగుకూ మధ్య ఎర ఆగుతుంది, ఆగిన ఎరను ఈ చేప అనుమానిస్తుంది. వెంట వస్తూ పట్టకపోతే వేగం పెంచండి, తగ్గించొద్దు. నెత్తళ్ళు ప్రాణభయంతో పరిగెడతాయే గానీ నిలబడి ఆలోచించవు. లాగిన లైను కాళ్ళ దగ్గర పడితే ఆల్చిప్పలకు, నాచుకు చిక్కుతుంది. నడుముకు బెల్టుతో ఒక లోతైన ప్లాస్టిక్ టబ్బు కట్టుకుని అందులోకి లాగండి.

పట్టినట్టు తెలిసిన క్షణం, అదే మీ 13 చేపలు పోయిన చోటు. రాడ్డు కొన నీటిని తాకుతున్నంత కిందికే ఉంచండి. ఎత్తొద్దు. గుంజొద్దు. చేతులు అదే వేగంతో లాగుతూనే ఉండాలి. కొక్కెం తోక దగ్గర ఉంది గనుక చేప ఎర నడుమను కరిచినా అది ముక్కు బయట పక్కన వేలాడుతూ ఉంటుంది. లైను బిగిసేకొద్దీ ముక్కు అంచు వెంట జారుతూ వెనక్కి పోయి ఆ మెత్తటి మూలలో ఆగుతుంది. లైను బరువెక్కి చేప పక్కకు తిరిగినట్టు తెలిశాక, ఎడమ చేత్తో ఒక్క నిండు లాగు, అప్పుడు రాడ్డు ఎత్తండి. వదిలేస్తే కూడా ఆగకుండా లాగండి. ఇది పిరికి చేప కాదు, అదే ఎరను మళ్ళీ పడుతుంది, ఒక్కోసారి గట్టు దాకా వచ్చి మరీ పడుతుంది.

పడ్డాక గాల్లోకి ఎగురుతుంది, తల విదిలిస్తుంది. ఎగిరినప్పుడు రాడ్డు కొనను దాని వైపు వంచి లైను కాస్త సడలించండి, కిందపడగానే బిగించండి. మిగతా పోరాటం పెద్దది కాదు.

కొక్కెమే లేని ఎర ఇంకొకటి ఉంది, చెప్పుకోదగ్గది. సాలమన్ దీవుల్లో, పాపువా న్యూ గినీలో జాలర్లు తరతరాలుగా ఆకులతో చేసిన గాలిపటానికి దారం కట్టి, దారం కొసన సాలెగూడు పోగుల ఉండను నీటి మీద ఎగరేస్తూ ఈ చేపనే పడతారు. కొక్కెం ఉండదు. పళ్ళు పోగుల్లో చిక్కుకుని ముక్కు విడిపించుకోలేదు. మీకు సాలెగూడుకు బదులు నైలాన్ పీచు. వలలు అల్లే నైలాన్ దారం తీరం వెంబడి వలసామాను దుకాణాల్లో దొరుకుతుంది, 210 డెనియర్ అని అడగండి. తెల్ల తాడు ముక్క అయినా సరే, అది నైలానే కావాలి. చెంబు నీళ్ళలో వేస్తే నైలాన్ మునుగుతుంది, పాలీప్రొపిలీన్ తేలుతుంది. తేలేది వద్దు, దాని పోగు మొరటు, పళ్ళకు సరిగా చిక్కదు.

15 సెంటీమీటర్ల ముక్కలు 10 కోసి, పురి విప్పి, పేనుదువ్వెనతో దూది మాదిరి అయ్యేదాకా దువ్వండి. ఆ కుచ్చును ఒక చిన్న ఉంగరంలోంచి దూర్చి సగానికి మడిచి, ఉంగరం కిందనే దారంతో గట్టిగా కట్టి, కట్టు మీద మాత్రమే ఒక చుక్క ఫెవిక్విక్. జిగురు పీచులోకి పాకితే ఆ మేర పుల్లలా గట్టిపడి చిక్కే గుణం పోతుంది. అందుకే చుక్క వేసే ముందు కట్టు కింది పీచును తడిపి ఉంచండి. 7 సెంటీమీటర్ల తెల్ల కుచ్చు తయారవుతుంది. చూడటానికి ఏమీ ఉండదు, నీటిలో మాత్రం వెన్నెల ముక్కలా కదులుతుంది.

దీంతో లాగే పద్ధతి పూర్తిగా తిరగబడుతుంది. చేప పట్టగానే లాగడం ఆపేయాలి. లైను సడలించి మనసులో 5 దాకా లెక్కపెట్టండి. విదిలించేకొద్దీ దానికదే చుట్టుకుంటుంది. తర్వాత నిదానంగా, ఒకే బిగువుతో లాగండి. మధ్యలో సడలిస్తే విడిపోతుంది. నాలుగైదు విసుర్లకు ఒకసారి పీచు దువ్వకపోతే ముద్దకట్టి పనిచెయ్యదు.

ఈ ఎర వాడేవాళ్ళకు ఒక్క షరతు. చేపను వదలాలనుకుంటే ముక్కు మీద ఒక్క పోగు కూడా మిగలకూడదు. దారం తెగగొట్టి నీళ్ళలో వేస్తే ఆ చేప నోరు కట్టేసినట్టే, తిండి లేక చచ్చిపోతుంది. మొండి సూదితో పోగులను వెనకనుంచి ముందుకు దువ్వుతూ తీయాలి, రెండు నిమిషాలు పడుతుంది. పట్టినవాటిని వండుకునే రోజు కుచ్చు ఎర, వదిలేసే రోజు గొట్టం ఎర అని పెట్టుకుంటే మేలు.

లీడరు 9 అడుగులు: పైన 30 పౌన్లది (అంత బరువుకు తెగకుండా ఆగే దారం) 120 సెంటీమీటర్లు, నడుమ 20 పౌన్లది 75, చివర 12 పౌన్లది 75. దాని కొసకు 25 పౌన్ల ఫ్లోరోకార్బన్ (రాపిడికి తట్టుకునే గట్టి ప్లాస్టిక్ దారం) ఒక జానెడు ముక్క కలిపితే మీరు చెప్పిన గరుకు, తెగడం చాలావరకు తగ్గుతాయి. గొట్టంలోంచి పోయేది ఈ ముక్కే. ఉక్కు తీగ వద్దు, ఇంత చిన్న ఎర ముక్కుకు బరువై తలకిందులుగా ఈదుతుంది. ప్రతి చేప తర్వాతా ఆ ముక్కను రెండు గోళ్ళ నడుమ లాగి చూడండి, గరుకు తగిలితే కోసి మళ్ళీ ముడేయండి. క్రీకులో పండుగప్ప తగిలితే ఈ లీడరు నిలవకపోవచ్చు, దాని కోసం వెళ్ళిన రోజు లీడరు వేరే.

నీళ్ళ సంగతికి వస్తే, ఇది కంటితో వేటాడే చేప, మడ్డి నీటిలో దండగ. మన వైపు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెన్నా, కండలేరు ఎర్రనీళ్ళు తెస్తాయి. జనవరిలో వానలు తగ్గాక నీరు తేరుకుంటుంది, అక్కడి నుంచి ఎండాకాలం పొద్దులు మంచివి. మోకాలి లోతులో నిలబడితే మీ పాదం వేళ్ళు కనిపించాలి, అది కొలత. నీరు కాస్త మసగ్గా ఉంటే ఎరలో తెలుపుకు బదులు నారింజ రంగు పీచు కట్టి చూడండి.

మన తీరంలో పోటుకూ పాటుకూ నీటిమట్టం తేడా ఇంచుమించు మీటరే, అందుకే వేళ చూసుకోవడం ఇంకా అవసరం. పాటు, అంటే నీరు దిగడం, మొదలైన మొదటి రెండు గంటలు క్రీకు లోపలి నుంచి చిరుచేపలూ రొయ్యపిల్లలూ కొట్టుకొస్తాయి. లోతు మారే అంచున, పారే నీరూ నిలిచిన నీరూ కలిసే గీత దగ్గర సూదిమూతులు కాపు కాస్తాయి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పోయిన ఆదివారం 7 గంటలకు బాగుందని ఈ ఆదివారం 7 కే వెళితే కుదరదు. అమావాస్య, పున్నమి దగ్గర పాటు జోరుగా ఉంటుంది, మధ్య రోజుల్లో మందం.

మైపాడులోనో కొత్తపట్నంలోనో తెరిచి ఉన్న బీచిలో ఇదే పని చేయాలనుకునేవారు ఉంటారు. అలలు విరిగే చోట తేలే లైను నిలవదు, ఎర మీ అదుపులో ఉండదు. అలలు పడుకున్న పొద్దున తప్ప అక్కడ మామూలు స్పిన్నింగ్ రాడ్డే నయం. ఫ్లై రాడ్డుకు క్రీకులు, ఏటి మొగలే చోటు. కృష్ణపట్నంలో ఓడరేవు హద్దుల్లోకి, ఓడలు తిరిగే కాలువ గట్టుకు పోవద్దు. వల కట్టి ఉన్న చోట, ఆ వల వాళ్ళను అడగకుండా లైను వేయొద్దు, అది వాళ్ళ బువ్వ. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేటకు నిషేధం ఉంటుంది, ఆ రోజుల్లో ఎవరైనా బోటు మాట్లాడిపెడతామన్నా ఎక్కకండి.

మధ్యాహ్నం ఆగ్నేయం నుంచి సముద్రపు గాలి లేస్తుంది. తూర్పుకు తిరిగి నిలబడి కుడిచేత్తో విసిరేవారికి అది కుడి ముందు నుంచి వచ్చి లైనును మొహం మీదికి తోస్తుంది. గాలితో పోట్లాడొద్దు. వీపు సముద్రం వైపు పెట్టి నిలబడి, ముందు విసురు ఒడ్డు మీదికి, వెనక విసురు నీటి మీదికి వేసి, వెనక విసురులోనే లైను వదలండి. అప్పుడు గాలి ఎడమ పక్క నుంచి వస్తుంది, కొక్కెం మీకు దూరంగా పోతుంది. రెండు పొద్దులు సాధన చేస్తే వస్తుంది.

ఈ చేప ముక్కును తేలిగ్గా తీసుకోవద్దు. పెద్ద రకం రాత్రిళ్ళు దీపం వెలుగుకు బెదిరి నీటిలోంచి బాణంలా దూకుతుంది. 2020 జనవరిలో ఇండోనేషియాలో పడవలో ఉన్న ఒక కుర్రాడి మెడలోకి ఇలాగే ముక్కు దూసుకుపోయింది, ఆపరేషన్ చేసి బతికించారు. చీకట్లో నడుము లోతు నీళ్ళలో నిలబడి తల మీద లైటు వేసుకుని నీటి వైపు చూడటం మానేయండి. పగలైనా కళ్ళద్దాలు తీయొద్దు. చేపను లైనుతో ఎత్తి ఒంటి మీదికి ఊపుకోకుండా గట్టు మీదికి జార్చి, తడి గోనెగుడ్డతో తల వెనక పట్టుకుని, పొడుగు ప్లయర్‌తో కొక్కెం తీయండి. ముక్కు పట్టుకుని ఎత్తితే అది పుటుక్కున విరుగుతుంది, అలా విరిగిన చేప వదిలినా వేటాడలేదు. నీళ్ళలో నడిచేటప్పుడు పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ నడవండి. ఇసుకలో పడుకున్న, తోకకు ముల్లుండే టేకు చేప అలికిడికి తప్పుకుంటుంది, తొక్కితే ముల్లు దింపుతుంది.

అరముక్కు చేపలు గుంపుగా కనిపించిన రోజు పైదంతా పక్కన పెట్టండి. దాని నోరు ఆ పుల్ల మొదట్లో ఉన్న చిన్న కన్నం, తినేది నాచు తునకలూ సన్నటి నీటిపురుగులూ. కిలో తవుడులో 200 గ్రాముల వేరుశెనగ చెక్క పొడి, 100 గ్రాముల ఎండు రొయ్యపొట్టు కలిపి ఉప్పునీళ్ళతో తడిపి, నిమిషానికి ఒక చిటికెడు నీటిలో చల్లుతూ ఉండండి. గుప్పెడు వేస్తే కడుపు నిండి పోతాయి. 12 లేదా 14 నంబరు కొక్కేనికి తవుడు ముద్దను పోలిన తెల్ల పీచు బియ్యపుగింజంత కట్టి, మీద గోలీకాయంత బెండు పెట్టి, ఆ చల్లిన చోటే లాగకుండా వదలండి. బెండు కదలగానే రాడ్డు కొన మెల్లగా ఎత్తాలి, అంతే.

ఇక ఆ ఆకుపచ్చ ముల్లు. అది విషం కాదు, చేప చెడిపోయినట్టూ కాదు. బిలివెర్డిన్ అనే రంగు పదార్థం వల్ల ఈ కుటుంబపు చేపలకు ఎముకలు పుట్టుకతోనే ఆకుపచ్చగా ఉంటాయి. పైత్యరసంలో ఉండే పచ్చదనం, దెబ్బ తగిలి కమిలిన చోట మన చర్మం మీద కనిపించే పచ్చదనం కూడా అదే పదార్థం. వండినా ఆ రంగు పోదు, తింటే ఏమీ కాదు. ఇంట్లో వాళ్ళకు ముందే చెప్పండి, పళ్ళెంలో పచ్చముల్లు చూసి ఉలిక్కిపడతారు.

పట్టిన వెంటనే పేగులు తీసి ఐసులో పెట్టాలి, ఎండలో త్వరగా మెత్తబడుతుంది. తల, ముక్కు తీసేసి నాలుగు వేళ్ళ వెడల్పు ముక్కలు కోయండి. కండ తెల్లగా, గట్టిగా, కొవ్వు తక్కువగా ఉంటుంది గనుక పులుసులో ఎక్కువసేపు ఉడికిస్తే పీచులా అవుతుంది. నెల్లూరు పులుసే పెట్టాలనుకుంటే చింతపండు రసం, మామిడి ముక్కలు బాగా మరిగి నూనె తేలాక ముక్కలు వేసి, 6, 7 నిమిషాలకు దించి మూత పెట్టేయండి. వేపుడుకైతే పక్కలకు గాట్లు పెట్టి ఉప్పు, పసుపు, కారం పట్టించి అరగంట ఉంచితే చాలు.